థియేటరుకా, గ్యాలరీకా? కావ్ గిమరాయిస్ సినిమాల లెక్క

రంగు కాగితపు బిళ్లలను మోసుకుపోయే చీమల వీడియో ఒకటి, నిడివి ఆరు నిమిషాలు కూడా లేదు. రోడ్ల వెంట నడుస్తూ బతికే ముగ్గురి మీద 80 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి, 2007లో వెనిస్ ఫెస్టివల్‌లో ఆడింది. ఒకరినొకరు ఎరగని మనుషులు ఒక రోజుకు ఇళ్లు మార్చుకుంటే ఏమవుతుందో చూపిన రెండు తెరల ఇన్‌స్టలేషన్ ఒకటి. చదరపు ఫ్రేములో నటులతో తీసిన కథాచిత్రం ఇంకొకటి. గోడకు తగిలించే ఫొటోల వరస మరొకటి. ఇవన్నీ బ్రెజిల్‌కు చెందిన కావ్ గిమరాయిస్ చేసినవే. లండన్‌లోని టేట్, న్యూయార్క్‌లోని మోమా, గుగెన్‌హైమ్ మ్యూజియాల సేకరణల్లో అతని పనులున్నాయి. ఆ మ్యూజియాల్లో చూసినవాళ్లు అతన్ని ఆర్టిస్టు అంటారు, ఫెస్టివల్స్‌లో చూసినవాళ్లు దర్శకుడంటారు. మూడు దశాబ్దాల పనిని ఇలా రెండు బీరువాల్లో సర్దేస్తే దేనికీ తల తోక దొరకదు. రెండింటినీ కలిపే సూత్రం ఒకటుంది. షూటింగుకు ముందే దర్శకుడు తన అధికారాల్లో ఒకదాన్ని వదిలేసుకుంటాడు. ఒకచోట కెమెరాను వదిలేశాడు, ఒకచోట లొకేషన్ల ఎంపికను, ఒకచోట తెర వెడల్పును. ఏది వదిలాడో పట్టుకుంటే ఆ పని ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో అర్థమవుతుంది.

గిమరాయిస్ 1965లో మినాస్ జెరాయిస్ రాష్ట్ర రాజధాని బేలో ఒరిజోంచిలో పుట్టాడు. అక్కడి ఫెడరల్ యూనివర్సిటీలో తత్వశాస్త్రం, లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ చదివాడు. బ్రెజిల్ సినిమా డబ్బూ స్టూడియోలూ ఎక్కువగా రియో, సావో పావులో నగరాల్లో ఉంటాయి. మినాస్‌లో ఉన్నవాడికి అవి దూరం. పైగా అతని తరం పనిలో దిగే వేళకు సినిమా రంగమే కూలిపోయి ఉంది. 1990లో అధ్యక్షుడు కొలోర్ ప్రభుత్వ సినిమా సంస్థ ఎంబ్రాఫిల్మెను మూసేశాడు. నిర్మాణానికీ పంపిణీకీ అదే ఆధారం కావడంతో, ఆ తర్వాత రెండు మూడేళ్లు విడుదలైన బ్రెజిల్ సినిమాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1993లో ఆడియోవిజువల్ చట్టం వచ్చింది. కంపెనీలు సినిమాల్లో పెట్టిన డబ్బును ఆదాయపన్నులోంచి మినహాయించుకునే వీలు దాంతో దొరికాక పరిశ్రమ మెల్లగా లేచింది. అయితే ఆ పద్ధతిలో డబ్బు ఎవరికివ్వాలో తేల్చేది కంపెనీల మార్కెటింగ్ విభాగాలు. స్క్రిప్టు లేని, నటులు లేని, ఎలా ముగుస్తుందో తీసేవాడికే తెలియని సినిమాకు అక్కడ తలుపు తెరుచుకోవడం కష్టం. ఆర్ట్ గ్యాలరీలు, బియెనాల్ అనే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శనలు, బ్యాంకుల సాంస్కృతిక కేంద్రాలు అలాంటి పనికి ఇంకో దారి చూపాయి. గిమరాయిస్ రెండు దారుల్లోనూ నడవడంలో అభిరుచి ఎంతుందో ఈ డబ్బు లెక్కా అంతే ఉందని నాకనిపిస్తుంది.

తన పద్ధతిని అతను ఒక చెరువుతో పోల్చి చెప్పాడు. వాస్తవం చెరువైతే దాని ముందు మూడు పనులు చేయొచ్చు: గట్టున కూర్చుని చూడొచ్చు, రాయి విసిరి నీటిని కదపొచ్చు, లేదా అందులోకి దూకొచ్చు. మూడు రకాల పనులూ అతని జాబితాలో విడివిడిగా కనిపిస్తాయి.

గట్టున కూర్చుని చూసినవి చిన్న సినిమాలు. వీటిలో చాలావాటికి వాడింది సూపర్ 8 ఫిల్ము, కొడాక్ 1965లో ఇంట్లో వాడుకోవడానికి తెచ్చిన ఫార్మాట్. వీటిని అర్థం చేసుకోవాలంటే ఆ క్యాసెట్ లెక్క తెలియాలి. ఒక కార్ట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్ము, అంటే సుమారు 15 మీటర్లు. అడుగుకు 72 ఫ్రేములు, మొత్తం 3,600. సెకనుకు 18 ఫ్రేముల వేగంతో తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది, 24తో తీస్తే రెండున్నర నిమిషాలే. ఒక్కో ఫ్రేము 6 మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. అందుకే గ్రెయిన్, అంటే బొమ్మలోని చుక్కల గరుకుదనం, పెద్దగా కనిపిస్తుంది, అంచులు మెత్తబడతాయి. మధ్యలో తీసినదాన్ని చూసుకునే వీల్లేదు, ల్యాబ్ నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. ఇన్ని పరిమితులున్న కెమెరా చేతిలో ఉంటే ఎదురుగా జరుగుతున్నది తీయదగ్గదా కాదా అని బటన్ నొక్కే ముందే తేల్చుకోవాలి. ఆ చిన్న సినిమాలు మూడు నుంచి ఏడు నిమిషాల మధ్య ఆగిపోవడంలో ఈ క్యాసెట్ పాత్ర కూడా ఉంది.

ఫిల్మును వీడియోలోకి మార్చేటప్పుడు ఇంకో చిక్కుంది. 18 ఫ్రేములతో తీసినదాన్ని 24తో నడిపిస్తే కదలిక మూడో వంతు వేగం పుంజుకుంటుంది. మనుషులు పాత మూకీ సినిమాల్లోలా గబగబా నడుస్తారు. సరైన వేగం నిలపాలంటే కొన్ని ఫ్రేములను రెండుసార్లు చూపాలి, దాంతో కదలికలో చిన్న తొట్రుపాటు వస్తుంది. నెమ్మదితనమే ప్రాణంగా ఉన్న సినిమాల్లో ఈ నిర్ణయం చిన్నది కాదు.

2000లో రివానే నోయెన్‌ష్వాండర్ అనే ఆర్టిస్టుతో కలిసి తీసిన ‘సోప్రో’ చూడండి. ఒక సబ్బు బుడగ నలుపు తెలుపుల్లో చెట్ల మధ్య తేలుతూ పోతుంది, పగలదు. అంతే సినిమా. నిజానికి బుడగ కొన్ని సెకన్లకే పగిలిపోతుంది, కాబట్టి నిమిషాల తరబడి బతికే ఆ బుడగ కత్తిరింపుల్లో పుట్టింది. పగిలే క్షణాన్ని ప్రతిసారీ తీసేసి, ఒక బుడగ ఆగిన దిక్కు నుంచే ఇంకో బుడగను కలపాలి. దిశ తప్పినా, వెనక వెలుతురు మారినా మాయ చెదిరిపోతుంది. 2003 నాటి ‘నానోఫానియా’లో దీనికి సరిగ్గా ఎదురు తిరిగాడు. అక్కడ బుడగలు పగలడమే విషయం, ఎగిరి గెంతే ఈగలు వాటికి తోడు, ఆటబొమ్మ పియానో తాళం వేస్తుంది. 2007 నాటి ‘సిన్ పెసో’ మెక్సికో సిటీ వీధి బజార్లలోది. గాలికి ఉబ్బే రంగు రంగుల పందిరి గుడ్డలను మాత్రమే చూపిస్తాడు, కింద అమ్మేవాళ్ల కేకలు వినిపిస్తాయి. మనుషులు ఫ్రేములో లేరు, బజారు మొత్తం శబ్దంలో ఉంది.

చీమల వీడియో కూడా రివానేతో కలిసి చేసిందే, 2006లో. కార్నివాల్ అయిపోయిన మర్నాడు, అంటే క్రైస్తవుల బూడిద బుధవారం నాడు, నేల మీద మిగిలిన మెరుపు బిళ్లలను చీమలు లాక్కుపోతుంటాయి. ఇలా అతి దగ్గరి నుంచి తీసే మాక్రో చిత్రీకరణలో ఫోకస్ లోతు కొన్ని మిల్లీమీటర్లకు మించదు. చీమ ఒక్క అడుగు పక్కకేస్తే మసకలోకి జారిపోతుంది. దాని దారిని కెమెరామన్ నిర్ణయించలేడు, ముందే ఊహించి అక్కడ కాచుకోవాలి. ఇందులో ఎవరికీ డైరెక్షన్ ఇవ్వలేకపోవడం కష్టం కాదు, అదే పని షరతు.

ఈ సినిమాల్లో సగం బరువు మోసేది ‘ఓ గ్రీవో’ అనే జంట. నెల్సన్ సోరెస్, మార్కోస్ మొరేరా అనే ఇద్దరు బేలో ఒరిజోంచి సంగీతకారులు. సొంతంగా వాయిద్యాలు, శబ్ద యంత్రాలు తయారు చేసుకుంటారు, గ్యాలరీల్లో వాళ్ల సొంత ప్రదర్శనలూ ఉంటాయి. బొమ్మకు మూడ్ అద్దడానికి వెనక సంగీతం పరచడం వాళ్ల పద్ధతి కాదు. లొకేషన్ శబ్దాలు, వస్తువుల గీకుళ్లు, టిక్కుటక్కులు, చాలాచోట్ల దాదాపు నిశ్శబ్దం. అందుకే ఫోన్ స్పీకర్‌లో చూస్తే సగం సినిమా పోయినట్టే. కనీసం హెడ్‌ఫోన్స్ అయినా ఉండాలి.

రాయి విసరడం

ఆలోచనను ముందు పెట్టి, వాస్తవాన్ని తర్వాత రమ్మన్న పనులు ఇవి. అన్నిటికంటే బలమైనది 2002లో 25వ సావో పావులో బియెనాల్‌కు చేసిన ‘హువా జి మావ్ దూప్ల’, అంటే రెండు వైపులా రాకపోకలున్న వీధి. బేలో ఒరిజోంచిలో ఉంటున్న ఆరుగురు, మూడు జంటలు. జంటలో ఇద్దరికీ పరిచయం లేదు. ఒకే సమయంలో ఇళ్లు మార్చుకుంటారు, 24 గంటలుంటారు. ఒక్కొక్కరి చేతిలో ఒక వీడియో కెమెరా. ఏం తీసుకున్నా వాళ్లిష్టం. చివర కెమెరా ముందు కూర్చుని, ఆ ఇంటి మనిషి ఎలాంటివాడో తమ ఊహ చెప్పాలి. దర్శకుడు ఒక్క షాట్ కూడా తీయడు.

ఈ నియమం ఎందుకు పనిచేసిందో విప్పి చూస్తే ఒక్కో షరతుకూ కారణం దొరుకుతుంది. పరిచయం ఉంటే మర్యాద అడ్డొస్తుంది, నోట మంచి మాటలే వస్తాయి. ఇద్దరూ ఒకేసారి మారకపోతే ఒకడు పరిశీలకుడు, రెండోవాడు పరిశోధన వస్తువు అవుతాడు. ఇక్కడ నేను నీ బీరువా తెరుస్తున్న వేళకే నువ్వు నా వంటగదిలో ఉంటావు. షూటింగ్ బృందం వెంట వెళ్తే ఇల్లు ప్రదర్శనకు పెట్టిన సెట్టులా మారుతుంది. గడువు ఒక రోజే కాబట్టి రాత్రి పరాయి మంచం మీద నిద్రపోవడం తప్పదు, ఆ ఇంటికి అలవాటు పడేంత టైమూ ఉండదు. పుస్తకాల అలమర, ఫ్రిజ్, బాత్రూమ్, గోడ మీది బొమ్మలను బట్టి యజమాని వయసు, డబ్బు, చదువు, ఒంటరితనం అంచనా వేస్తూ పోతారు. వింటున్న కొద్దీ లేని మనిషి గురించి తక్కువ తెలుస్తుంది, మాట్లాడుతున్న మనిషి తరగతి, అసూయ, చిన్నచూపు ఎక్కువ తెలుస్తాయి. డాక్యుమెంటరీలో పాత్రను ఇంటర్వ్యూ చేసేది దర్శకుడు కదా, ఇక్కడ ఆ కుర్చీ ఖాళీ. తీర్పు చెప్పే తప్పు పాల్గొన్నవాళ్లే చేస్తారు, చూసేవాళ్లం మనమూ వాళ్లతో పాటు చేస్తాం.

రెండో రాయి 2006 నాటి ‘అసిదెంచి’, పాబ్లో లొబాతోతో కలిసి తీసింది. మినాస్ జెరాయిస్‌లో 853 మునిసిపాలిటీలున్నాయి. ఊళ్లను చూడకుండా, జాబితాలో పేర్లు మాత్రమే చూసి 20 ఎంచుకుని, వాటిని కవితలా పేర్చారు. ఆ రాష్ట్రపు ఊరి పేర్లు చాలావరకు మామూలు మాటలు. ఎస్పెరా ఫెలిస్ అంటే సంతోషపు నిరీక్షణ, తీరోస్ అంటే తుపాకి కాల్పులు, తొంబోస్ అంటే పడిపోవడాలు, చివరిది దోరిస్ జి కాంపోస్, అంటే పొలాల నొప్పులు. కవిత రాశాకే ఊళ్లకు బయల్దేరారు. వెళ్లినచోట ఏది ఎదురైతే అదే తీశారు.

ఇక్కడ వదులుకున్నది లొకేషన్ల ఎంపిక ఒక్కటే కాదు, ఎడిటింగ్ కూడా. సినిమా 72 నిమిషాలు, ఊరికి సగటున మూడున్నర నిమిషాల పైచిలుకు. వరస కవితది. ఒక ఊళ్లో ఏమీ దొరకలేదని దాన్ని వదిలేస్తే కవిత పాదం విరుగుతుంది, బాగా వచ్చిన ఊరిని చివరికి జరపడానికీ లేదు. ఆ బిగింపు సినిమాలో తెలుస్తూనే ఉంటుంది. కొన్ని ఊళ్లు కట్టిపడేస్తాయి, కొన్ని ఇలా వచ్చి అలా పోతాయి. ఇదే పద్ధతిని అనుకరించే కుర్ర దర్శకులు సాధారణంగా బోల్తా పడేది ఈ దగ్గరే. నియమం పెట్టుకుంటారు, ఎడిటింగ్ టేబుల్ దగ్గర భయపడి దాన్ని సడలిస్తారు. అప్పుడు చేతిలో మిగిలేది నియమమూ లేని, కథా లేని ఫుటేజి.

దూకడం

2004 నాటి ‘ఆ అల్మా దు ఓసు’, ఎముక ఆత్మ, మినాస్ కొండల్లో గుహలో ఒంటరిగా ఉంటున్న డొమింగిన్యోస్ అనే 72 ఏళ్ల ముసలాయన గురించి. సినిమా చాలాసేపు మాటల్లేకుండా సాగుతుంది. వంట, నిప్పు, గిన్నెలు, ఆయన చేతులు. ఈయన మౌనవ్రతంలో ఉన్న సన్యాసి అని మనం స్థిరపడిపోయాక ఆయన నోరు విప్పుతాడు. అప్పుడు తెలుస్తుంది, మంచి మాటకారి అని! ఆ వరసను తిరగేసి ఉంటే ఆయన మాటలకు బొమ్మలు సాక్ష్యాలుగా మిగిలేవి. ముందు ఒంటిని, తర్వాత గొంతును ఇవ్వడం వల్ల ఏకాంతం గురించి మనకున్న రొమాంటిక్ ఊహ మన కళ్ల ముందే సడలుతుంది.

‘అందరీల్యో’, బాటసారి, 2007లో వచ్చింది. అతని మొత్తం పనిలో నేను ముందు పెట్టేది దీన్నే. ఉత్తర మినాస్ రహదారుల మీద ముగ్గురు నడుస్తుంటారు, ఒకరితో ఒకరికి సంబంధం లేదు. వాళ్లెవరో, ఎందుకు ఇల్లు వదిలారో సినిమా చెప్పదు. మాటలు సగం అర్థమవుతాయి, సగం కావు. దేవుడు, యంత్రాలు, లోకం కలగలిసిపోతుంటాయి. కెమెరా పని ప్రత్యేకంగా చూడాలి. దూరం నుంచి పొడవాటి లెన్సుతో తీస్తే దూరాలు నొక్కుకుపోతాయి. మనిషి ఎంత నడిచినా ఫ్రేములో అతని సైజు మారదు, ముందుకు కదలనట్టే ఉంటాడు. ఎండకు కాగిన తారురోడ్డు మీద వేడిగాలి పొరలు కాంతిని వంచుతాయి, పొడవాటి లెన్సు ఆ వణుకును ఇంకా పెంచి చూపుతుంది. రోడ్డు నీళ్లలా ఊగుతుంది, లారీ చక్రాలు నేలకు ఆనకుండా తేలుతూ వస్తుంది. మామూలు కెమెరామన్ దాన్ని లోపమంటాడు, పొద్దుటి చల్లదనంలో తీద్దామంటాడు. ఇక్కడ ఆ వణుకే ఆ మనుషుల ఆలోచన తీరుకు రూపమైంది.

దీని మీద వచ్చే అభ్యంతరాన్ని దాటవేయకూడదు. వీళ్లలో మానసికంగా కుదురుగా లేనివాళ్లూ ఉండొచ్చు. అలాంటివాళ్ల తెగిపోయిన మాటలను అందమైన ఫ్రేముల్లో పెట్టడం న్యాయమేనా? పేరూ గతమూ చెప్పకపోవడం వాళ్ల గుట్టును కాపాడుతుంది, కానీ అదే పని వాళ్లను ప్రకృతి దృశ్యంలో ఒక వస్తువుగానూ మార్చగలదు. గిమరాయిస్ వాళ్లకు రోగం పేరు తగిలించడు, జాలి సంగీతం పెట్టడు, మాటలను పూర్తిగా సాగనిస్తాడు. నా మటుకు ఆ చివరిది సినిమాను నిలబెట్టింది. అలా అనిపించనివాళ్ల వాదనను కొట్టిపారేయలేను.

‘గాంబియారాస్’ అనే ఫొటో వరసకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. విరిగినదానికి చేతికందిన ఇంకేదో వస్తువును ఊతంగా పెట్టి పని గడుపుకునే తెలివికి బ్రెజిల్‌లో ఉన్న పేరది. 2000 నుంచి ఎక్కడ కనిపించినా ఫొటో తీస్తూ వస్తున్నాడు. లేమిని చమత్కారంగా చూపుతున్నాడనే విమర్శ ఈ వరస విషయంలో కొంత నిజం. ఒక్కో ఫొటో బాగుంటుంది, గోడ నిండా చూస్తే అవసరం కనుమరుగై తెలివి మాత్రమే మిగులుతుంది.

నటులు వచ్చాక

2010 నాటి ‘ఎక్స్ ఇస్తో’ ఇతౌ కల్చరల్ సంస్థ బ్రెజిల్ కళాకారుల మీద తీయించిన వరసలోది. కురిచీబా కవి పావులో లెమిన్‌స్కీ 1975లో అచ్చువేసిన ‘కటటావ్’ దీనికి ఆధారం. తత్వవేత్త దెకార్త్ 17వ శతాబ్దంలో డచ్చివాళ్ల ఏలుబడిలో ఉన్న బ్రెజిల్‌కు వచ్చి ఉంటే, ఆ ఎండలో అతని తర్కం ఏమయ్యేది అన్నది ఊహ. జువావ్ మిగెల్ దెకార్త్‌గా వేశాడు. పుస్తకంలోని వాక్యాలు నెత్తిన మోసుకుంటూ పోయే చోట్ల సినిమా అలసిపోతుంది. ఆ పాతకాలపు దుస్తుల్లోనే నటుణ్ణి నేటి రెసీఫి నగర జనంలోకి వదిలాక ఊపిరి పీలుస్తుంది, ఎందుకంటే ఎదురుపడే మనుషులు దర్శకుడి చేతిలో లేరు.

2013 నాటి ‘జనసందోహపు మనిషి’ని రెసీఫి దర్శకుడు మార్సెలో గోమిస్‌తో కలిసి తీశాడు. ఎడ్గార్ ఎలన్ పో కథ దీనికి ప్రేరణ. బేలో ఒరిజోంచి మెట్రోలో రైలు నడిపే జువెనాల్, కంట్రోల్ రూములో తెరలు చూసే మార్గో, ఇద్దరూ ఒంటరివాళ్లు. గుహ ముసలాయన, బాటసారులు, ఈ రైలు డ్రైవరు కలిసి ఏకాంతం మీద మూడు సినిమాల వరస అయ్యారు. ఫ్రేము ఎత్తూ వెడల్పూ సమానం. ఎత్తుకు 1.85 రెట్లు వెడల్పున్న తెర మీద దాన్ని పూర్తి ఎత్తులో వేస్తే వెడల్పులో 54 శాతం మాత్రమే బొమ్మ, మిగతా 46 శాతం నలుపు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే భుజాలు తగలాలి, లేదా ఒకరు ఫ్రేము బయటకు పోవాలి. జంటను చూపే మామూలు షాట్ ఇక్కడ కుదరదు. ఆ ఇద్దరి ఇబ్బందిని సంభాషణలు చెప్పనక్కర్లేకుండా ఫ్రేమే చెబుతుంది. జనం మధ్య తీసిన షాట్లలో ఆ చదరం లిఫ్టులా ఇరుకవుతుంది.

ఇక మొదటి చిక్కు దగ్గరకు. ఒకే పని థియేటరులో, గ్యాలరీలో ఆడితే ఏం మారుతుంది? గ్యాలరీలో వీడియో లూపులో తిరుగుతుంది. చూసేవాడు మధ్యలో వస్తాడు, మధ్యలో వెళ్తాడు. బుడగ, చీమల సినిమాలకు ఇది నప్పుతుంది, ఎక్కడ ఎక్కినా ప్రయాణం అదే. గుహ సినిమాను అలా వేస్తే చచ్చిపోతుంది. మాటలు మొదలయ్యాక వచ్చినవాడికి ముందున్న మౌనం అందదు. ఇళ్ల మార్పిడి పనిలో రెండు తెరలూ ఒకే క్షణంలో నడవాలి. వేర్వేరు ప్లేయర్లు పెట్టి వదిలేస్తే కొన్ని గంటల్లో కొన్ని సెకన్ల తేడా పేరుకుంటుంది, ఇద్దరి సమయం ఒకటేనన్న ఆలోచనే చెడుతుంది. అందుకే రెండింటినీ ఒకే సిగ్నల్‌తో కట్టేస్తారు. పక్క గదిలోంచి వచ్చే శబ్దం ఇంకో పీడ. ఓ గ్రీవో కూర్చిన దాదాపు నిశ్శబ్దమైన ట్రాకును పక్క గది వీడియో సులువుగా మింగేస్తుంది. తెరలు, బల్ల, గోడ మందం కూడా పనిలో భాగమవుతాయి.

అమ్మకం లెక్కా వేరు. సినిమా టికెట్ల మీద, టీవీ హక్కుల మీద బతుకుతుంది, ఎంతమంది చూస్తే అంత మంచిది. గ్యాలరీ వీడియోను సాధారణంగా కొద్ది ప్రతులకు పరిమితం చేసి, సంఖ్య వేసి, సర్టిఫికెట్‌తో అమ్ముతుంది. అరుదుగా ఉండటమే దాని ధర. గిమరాయిస్ పనులను సావో పావులోలోని నారా రోస్లర్ గ్యాలరీ చూస్తుంది. అతని సొంత నిర్మాణ సంస్థ పేరు సింకో ఎం పోంతో. చిన్న వీడియోలు ఒక దారిన, నిడివి సినిమాలు ఇంకో దారిన వెళ్లడం వల్ల ఒకదాని నష్టాన్ని ఇంకొకటి కొంత మోస్తుంది. ఇళ్ల మార్పిడి పని మాత్రం రెండు దారుల్లోనూ వెళ్లింది. 75 నిమిషాల సినిమా రూపంలో తెరను నిలువునా రెండుగా చీల్చి ఇద్దరినీ పక్కపక్కన పెట్టాడు. దొరికితే ముందు దాన్నే చూడండి, తర్వాత ‘అందరీల్యో’. చదరపు ఫ్రేము సినిమాను టీవీలో పెట్టినప్పుడు జూమ్ సెట్టింగ్ ఆపేయాలి, లేకపోతే తలా కాళ్లూ తెగి ఫ్రేము మళ్లీ వెడల్పవుతుంది.